అమీర్‌పేట్ ల్యాబ్‌లో 24 సిస్టమ్‌లు: వీఎం సెటప్ స్క్రిప్టు ఒక్కోదాంట్లో ఒక్కోచోట ఆగుతోంది

ల్యాబ్‌తాళాలు:

అందరికీ నమస్తే. అమీర్‌పేట్‌లో మైత్రీవనం పక్కన ఒక కోచింగ్ సెంటర్ ల్యాబ్. 24 డెస్క్‌టాప్‌లు, అన్నీ విండోస్ 11, ఐ5, 16 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. బయటి నెట్ 100 ఎంబీపీఎస్ లైను ఒక్కటే, లోపల గిగాబిట్ స్విచ్ ఉంది. ఫుల్ స్టాక్ పైథాన్ బ్యాచ్‌కి ప్రతి సిస్టమ్‌లోనూ ఒకేలాంటి లినక్స్ వీఎం (విండోస్ లోపలే నడిచే వర్చువల్ మెషీన్) కావాలి: ఉబుంటు 24.04, ఇంజిన్‌ఎక్స్, పోస్ట్‌గ్రెస్ 16, జాంగో, ఫ్రంట్ ఎండ్‌కి నోడ్ 22, వీట్. బ్యాచ్ మారినప్పుడల్లా చెరిపేసి మళ్లీ కట్టాలి కాబట్టి చేత్తో చేసే పని కాదు.

ఇప్పుడున్నది వర్చువల్‌బాక్స్ (వీఎంని నడిపేది), వేగ్రంట్ (ఫైలు చూసి వీఎంని కట్టేది). గిట్ రిపోలో వేగ్రంట్‌ఫైలు, ఒక సెటప్ స్క్రిప్టు, అది పిలిచే మూడు చిన్న స్క్రిప్టులు (ప్యాకేజీలు, డేటాబేస్, యాప్). ఉబుంటు/నోబుల్64 బాక్సు (24.04 రెడీమేడ్ వీఎం ఇమేజ్) 404 అంటోంది, అందుకని ప్రస్తుతానికి 22.04 బాక్సు జామీ64తో నెట్టుకొస్తున్నాం. కొన్ని సిస్టమ్‌లలో సెటప్ మొదలై, రెండో స్క్రిప్టు దగ్గర "బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్" అని ఆగుతుంది. కొన్నింట్లో ఆప్ట్ (ఉబుంటులో ప్యాకేజీలు వేసే టూలు) లాక్ దొరకలేదంటుంది. మళ్లీ నడిపితే డేటాబేస్ ఇప్పటికే ఉందని ఆగిపోతుంది. ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ రెండు మూడు సిస్టమ్‌లలో బాగానే అవుతుంది, మిగతా వాటిలో సిమ్‌లింక్ (వేరే ఫైలుకి దారి చూపే లింకు) దగ్గర ప్రోటోకాల్ ఎర్రర్. అన్నీ దాటి సర్వర్ ఆన్ అయినా విండోస్ బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ 8000 తెరుచుకోదు.

ఒకటే స్క్రిప్టు, ఒకటే మోడల్ సిస్టమ్‌లు. ఎక్కడ తేడా కొడుతోంది?

షెల్‌పురుగు:

తాళాలు గారూ, ఇవన్నీ కలిసి ఒక జబ్బు కాదు, ఆరు వేర్వేరు జబ్బులు. విడివిడిగా చూద్దాం.

ముందు 404. కనానికల్ సంస్థ 24.04 నుంచి వేగ్రంట్ బాక్సులు కట్టడం మానేసింది. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్టు) వెర్షన్లలో జామీయే ఆఖరు. నోబుల్64 ఎంత వెతికినా దొరకదు. బెంటో/ఉబుంటు-24.04 పెట్టుకోండి, గెస్ట్ అడిషన్స్ (షేర్డ్ ఫోల్డర్‌కి కావలసిన డ్రైవర్లు) అందులోనే ఉంటాయి. పోస్ట్‌గ్రెస్ 16, పైథాన్ 3.12 ఉబుంటు సొంత రిపో నుంచే వస్తాయి. నోడ్ మాత్రం 18 ఇస్తుంది, దాని సపోర్టు 2025 ఏప్రిల్‌తో అయిపోయింది. 22 కావాలంటే నోడ్‌సోర్స్ రిపో కలపాలి.

బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్ సంగతి విండోస్ లైన్ ఎండింగులది. ఎర్రర్‌ని దగ్గరగా చూడండి, బాష్ అన్న మాట పక్కన టోపీ గుర్తు, ఎమ్ అక్షరం ఉంటాయి. గిట్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు కొన్ని సిస్టమ్‌లలో ఆటో సీఆర్ఎల్ఎఫ్ (లైన్ ఎండింగుల్ని విండోస్ పద్ధతికి మార్చే సెట్టింగు) ఆన్ అయింది, కొన్నింట్లో కాలేదు. "ఒకటే స్క్రిప్టు" అని మీరంటున్నది డిస్కు మీద ఒకటి కాదు. మరి మొదటి స్క్రిప్టు ఎందుకు నడిచిందంటే, వేగ్రంట్ తాను నేరుగా పంపే షెల్ స్క్రిప్టులో లైన్ ఎండింగులు తనే సరిచేసి పంపుతుంది. షేర్డ్ ఫోల్డర్‌లోంచి (విండోస్‌కీ వీఎంకీ ఉమ్మడిగా కనబడేది) మీ స్క్రిప్టు పిలిచే రెండోదాన్ని అది ముట్టుకోదు. రిపోలో గిట్ ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టి, అన్ని టెక్స్ట్ ఫైళ్లకూ ఈఓఎల్ ఎల్ఎఫ్ (లినక్స్ లైన్ ఎండింగు) అని రాయండి. ఇప్పటికే దిగిన ఫైళ్లు వాటంతట అవి మారవు, ఫోల్డర్ తీసేసి కొత్తగా క్లోన్ చేయడమే సులువు. షెల్ ఫైళ్లకు మాత్రమే రాసి వదిలేయకండి. ఎన్విరాన్‌మెంట్ ఫైలు సీఆర్ఎల్ఎఫ్‌తో వస్తే, దాన్ని షెల్ చదివినప్పుడు పాస్‌వర్డ్ చివర కనబడని అక్షరం ఒకటి అతుక్కుంటుంది. పాస్‌వర్డ్ కరెక్టే, పోస్ట్‌గ్రెస్ మాత్రం ఒప్పుకోదు. అది పట్టుకోవడానికి సగం రోజు పోతుంది.

ఆప్ట్ లాక్: వీఎం లేవగానే లోపల ఆటోమేటిక్ అప్‌డేట్ కూడా మొదలవుతుంది. అది ముందు లాక్ పట్టుకుంటే మీ స్క్రిప్టు ఓడిపోతుంది, మీది ముందు పట్టుకుంటే గెలుస్తుంది. ఒక్కో సిస్టమ్ స్పీడును బట్టి ఫలితం. మధ్యలో స్లీప్ 60 లాంటివి పెట్టకండి. ఆప్ట్-గెట్‌కి డీప్యాకేజ్ లాక్ టైమౌట్ ఆప్షన్ 300 సెకన్లు ఇస్తే అదే వేచి ఉంటుంది. డెబియన్ ఫ్రంట్ ఎండ్ నాన్-ఇంటరాక్టివ్ అని, నీడ్‌రీస్టార్ట్ మోడ్ ఏ అని ఎక్స్‌పోర్ట్ చేయండి. లేదంటే "ఏ సర్వీసులు రీస్టార్ట్ చేయమంటారు" అని ఎవరికీ కనబడని నీలం డబ్బా తెరుచుకుని, జవాబు కోసం కూర్చుంటుంది.

రెండోసారి నడిస్తే ఆగడం: స్క్రిప్టు పైన సెట్ ఈ, యూ, పైప్‌ఫెయిల్ (లైను తప్పితే స్క్రిప్టుని అక్కడే ఆపేవి) ఉండాల్సిందే. అది ఉన్నప్పుడు ప్రతి లైనూ రెండోసారి కూడా తట్టుకునేలా రాయాలి. మేక్‌డిర్‌కి హైఫన్ పీ, సిమ్‌లింక్‌కి ఎస్ఎఫ్ఎన్. బాష్ఆర్‌సీలో లైను చేర్చే ముందు గ్రెప్‌తో ఉందా లేదా చూడాలి. పోస్ట్‌గ్రెస్‌లో క్రియేట్ డేటాబేస్‌కి మైఎస్‌క్యూఎల్‌లో లాగా "ఇఫ్ నాట్ ఎగ్జిస్ట్స్" లేదు. పీజీ_డేటాబేస్ పట్టికలో ఆ పేరు ఉందేమో సెలెక్ట్ చేసి, లేకపోతేనే క్రియేట్‌డీబీ నడపండి. యూజర్‌కి కూడా అంతే, పీజీ_రోల్స్‌లో చూడాలి.

ఇంకొకటి. ప్రొవిజన్ (వీఎం లోపల సెటప్ స్క్రిప్టు నడపడం) మొదటి "వేగ్రంట్ అప్" అప్పుడే నడుస్తుంది. స్క్రిప్టు మార్చి మళ్లీ అప్ కొడితే ఏమీ జరగదు, "వేగ్రంట్ ప్రొవిజన్" అని విడిగా కొట్టాలి. పైగా అది రూట్‌గా నడుస్తుంది. పైథాన్ వెన్వ్‌ని (ప్రాజెక్టు ప్యాకేజీల విడి ఫోల్డర్) అలా కడితే తర్వాత పిల్లలు పిప్ ఇన్‌స్టాల్ కొట్టినప్పుడు పర్మిషన్ డినైడ్ వస్తుంది. యాప్ భాగాన్ని వేరే ప్రొవిజనర్‌గా పెట్టి ప్రివిలేజ్డ్ ఫాల్స్ అనండి. వెన్వ్ లేకుండా నేరుగా పిప్ కొడితే 24.04 "ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్" అని తిప్పికొడుతుంది, దానికి బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్ ఆప్షన్‌తో దొడ్డిదారి వెతక్కండి.

కూకట్‌పల్లి_కర్సర్:

పోర్టు 8000 సంగతి నేను చెప్తా. జాంగో రన్‌సర్వర్ మామూలుగా 127.0.0.1 మీద మాత్రమే వింటుంది. పోర్ట్ ఫార్వర్డింగ్‌లో వచ్చే ట్రాఫిక్ వీఎం లోపల నెట్‌వర్క్ కార్డు చిరునామాకి, అంటే మామూలుగా 10.0.2.15కి చేరుతుంది. అక్కడ వినేవాళ్లు లేరు. రన్‌సర్వర్ పక్కన 0.0.0.0:8000 అని రాయండి, వీట్‌కి హోస్ట్ ఆప్షన్ ఇవ్వండి (దాని పోర్టు 5173, దాన్నీ ఫార్వర్డ్ చేయాలి).

బ్రౌజర్ ఏమంటుందో చూస్తే తప్పు ఎటు వైపుందో తెలుస్తుంది. "కనెక్షన్ రీసెట్" అంటే విండోస్ వైపు తలుపు తెరిచే ఉంది, వీఎం లోపల ఎవరూ లేరు. "రిఫ్యూజ్డ్" అంటే ఫార్వర్డింగే పడలేదు. 400 ఎర్రర్‌తో పేజీ వచ్చిందంటే అది జాంగో అలౌడ్ హోస్ట్స్ గొడవ, ప్రైవేట్ ఐపీతో తెరిస్తే వస్తుంది.

ఫార్వర్డ్ లైనులో హోస్ట్ ఐపీ 127.0.0.1 అని కూడా పెట్టండి. పెట్టకపోతే ఆ పోర్టు అన్ని నెట్‌వర్క్ కార్డుల మీదా తెరుచుకుంటుంది. ల్యాబ్‌లో పక్క సిస్టమ్ వాడు మీ డీబగ్ పేజీ చూస్తాడు, మీరు వాడిది చూస్తారు.

గిగాబిట్_గోపి:

అందరూ స్క్రిప్టు బాగుచేయడం గురించే మాట్లాడుతున్నారు. 24 సిస్టమ్‌లు ఒకేసారి బయటికెళ్లి అవే ప్యాకేజీలు దించడం అసలు తప్పు. లెక్క వేయండి. బాక్సు 1 జీబీ అనుకుంటే 24 సార్లు 24 జీబీ. 100 ఎంబీపీఎస్ లైను మొత్తం మీకే ఇచ్చినా 32 నిమిషాలు. దాని పైన ఆప్ట్, పిప్, ఎన్‌పీఎం. మధ్యలో ఒక్క డౌన్‌లోడ్ తెగితే సెట్ ఈ పుణ్యమా అని ఆ సిస్టమ్ మొత్తం ఆగుతుంది. అదే 24 జీబీ మీ గిగాబిట్ స్విచ్ మీద లెక్క ప్రకారం నాలుగు నిమిషాల లోపే. పంపే సిస్టమ్ డిస్కు వల్ల ఆలస్యమైనా అరగంట పట్టదు.

పనిని రెండుగా కోయండి. నెలల తరబడి మారనివి (ఉబుంటు ప్యాకేజీలు, పోస్ట్‌గ్రెస్, ఇంజిన్‌ఎక్స్, నోడ్) ఒక సిస్టమ్‌లో ఒక్కసారి కట్టి, ఆప్ట్-గెట్ క్లీన్ కొట్టి, మెషీన్-ఐడీ ఫైలు ఖాళీ చేసి, "వేగ్రంట్ ప్యాకేజ్"తో బాక్సుగా మార్చండి. మెషీన్-ఐడీ ఖాళీ చేయడం మరవకండి. రేపెప్పుడైనా బ్రిడ్జ్‌డ్ నెట్‌వర్క్‌కి మారితే, అన్ని వీఎంలకూ అదే ఐడీ ఉన్నందుకు రౌటరు అందరికీ ఒకే ఐపీ ఇచ్చే ప్రమాదం ఉంది. ఆ బాక్సు ఉన్న ఫోల్డర్‌లో పైథాన్ హెచ్‌టీటీపీ సర్వర్ మాడ్యూల్ నడిపితే చాలు, వేరే సర్వర్ అక్కర్లేదు. వేగ్రంట్‌ఫైలులో బాక్స్ యూఆర్ఎల్ ఆ చిరునామా, పక్కన షా-256 చెక్‌సమ్.

బ్యాచ్‌బ్యాచ్‌కీ మారేవి (డేటాబేస్, యాప్ కోడు, వెన్వ్) మాత్రం స్క్రిప్టులోనే ఉంచండి. అది రెండు మూడు నిమిషాల పని.

ఇక్కడ జారిపడే చోటు ఒకటుంది. ఇలా నేరుగా ఫైలుగా జతచేసిన బాక్సుకి వెర్షన్ ఎప్పుడూ 0 అనే ఉంటుంది. సర్వర్‌లో ఫైలు మార్చి, డిస్ట్రాయ్ చేసి, అప్ కొడితే పాత బాక్సే లేస్తుంది, ఎందుకంటే ఆ పేరుతో ఒకటి ఆ సిస్టమ్‌లో ముందే ఉంది. మార్చిన ప్రతిసారీ పేరు మార్చండి, పేరులోనే తేదీ పెట్టండి. పాత బాక్సులు సీ డ్రైవ్‌లో యూజర్ ఫోల్డర్ కింద పేరుకుంటాయి. 256 జీబీ డిస్కులో అది చిన్న విషయం కాదు, "వేగ్రంట్ బాక్స్ రిమూవ్" కూడా మీ పనుల జాబితాలో చేర్చుకోండి. లింక్‌డ్ క్లోన్ ట్రూ అని పెడితే ప్రతిసారీ పూర్తి ఇంపోర్ట్ జరగదు, డిస్ట్రాయ్ చేసి మళ్లీ లేపడం చాలా తొందరగా అవుతుంది.

మ్యాక్‌మామ:

గోపి అన్నదానికి ఒక షరతు. బాక్సు ఉంది కదా అని అది కట్టిన స్క్రిప్టుని పారేయకండి. ట్రైనర్ ఎవరైనా ఎం-సిరీస్ మ్యాక్‌బుక్ తెస్తే ఇంటెల్ సిస్టమ్‌లో కట్టిన బాక్సు దాంట్లో లేవదు. ఆర్మ్ బాక్సు వేరే కట్టాలి, అదే స్క్రిప్టుతో. వర్చువల్‌బాక్స్ కూడా 7.1 నుంచే ఆ చిప్‌ల మీద పనికొస్తుంది. ప్రైవేట్ ఐపీ 192.168.33.10 అని పాత ట్యుటోరియల్స్ చూసి రాసుంటే మ్యాక్‌లో, లినక్స్‌లో ఒప్పుకోదు. 192.168.56.0 నుంచి 192.168.63.255 మధ్యలోదే ఇవ్వాలి.

రాత్రిబస్సు:

ఇంత తంటా ఎందుకు, డాకర్ కంపోజ్ ఒక్క ఫైలు రాస్తే అయిపోతుందిగా బ్రో?

షెల్‌పురుగు:

ఆఫీసు ప్రాజెక్టుకైతే నేనూ అదే చెప్తా. ఇక్కడ పిల్లలు సిస్టమ్‌డీ సర్వీసు రాయాలి, ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్ పాడుచేసి బాగుచేయాలి, లాగ్ ఎక్కడుందో వెతకాలి. దానికి పూర్తి మెషీన్ కావాలి. పైగా విండోస్‌లో డాకర్ డెస్క్‌టాప్ పెడితే డబ్ల్యూఎస్ఎల్2 (విండోస్ తనే నడిపే లినక్స్) ఆన్ అవుతుంది, దాంతో వర్చువల్‌బాక్స్ నీరసిస్తుంది.

తాళాలు గారూ, ఈ మాట మీకూ వర్తిస్తుంది. వీఎం విండో కింద స్టేటస్ బార్‌లో ఆకుపచ్చ తాబేలు బొమ్మ కనబడుతోందా? కనబడితే విండోస్ హైపర్‌వైజర్ ముందే ప్రాసెసర్ పట్టుకుందని, వర్చువల్‌బాక్స్ దాని మీదుగా నడుస్తోందని అర్థం. సెటప్ పది నిమిషాల బదులు నలభై పట్టే సిస్టమ్‌లు అవే అయుంటాయి. విండోస్ ఫీచర్లలో వర్చువల్ మెషీన్ ప్లాట్‌ఫామ్, హైపర్-వీ తీసేయండి, కోర్ ఐసోలేషన్‌లో మెమరీ ఇంటిగ్రిటీ చూడండి. అడ్మిన్‌గా బీసీడీఎడిట్‌తో హైపర్‌వైజర్ లాంచ్ టైప్ ఆఫ్ చేసి రీస్టార్ట్ చేయండి. మెమరీ ఇంటిగ్రిటీ భద్రత కోసం ఉన్నది. ల్యాబ్ సిస్టమ్‌లో సరే, ఇంటి ల్యాప్‌టాప్‌లో తీయమని పిల్లలకు చెప్పకండి.

ఫోల్డర్‌పంచాయితీ:

అసలు గొడవ ఇంకా ఎవరూ ముట్టుకోలేదు: షేర్డ్ ఫోల్డర్. ఎన్‌పీఎం ఎర్రర్ అక్కడిదే. విండోస్‌లో సిమ్‌లింక్ సృష్టించడానికి ప్రత్యేక అనుమతి కావాలి. టెర్మినల్‌ని అడ్మిన్‌గా తెరిచి అప్ కొట్టిన సిస్టమ్‌లలో పనయింది, మామూలుగా తెరిచిన వాటిలో కాలేదు. మీ "రెండు మూడు సిస్టమ్‌లు" అవే. వెన్వ్ కట్టేటప్పుడు లిబ్64 దగ్గర వచ్చే ఎర్రర్ కూడా ఇదే కుటుంబం.

అందరినీ అడ్మిన్‌గా తెరవమనడం పరిష్కారం కాదు. నోడ్ మాడ్యూల్స్, వెన్వ్, పోస్ట్‌గ్రెస్ డేటా, ఈ మూడూ ఎప్పుడూ వీఎం సొంత డిస్కులోనే ఉండాలి. వెన్వ్ సులువు, హోమ్ ఫోల్డర్‌లో కట్టుకోవచ్చు. నోడ్ మాడ్యూల్స్ ప్రాజెక్టు పక్కనే ఉండాలంటుంది కాబట్టి హోమ్‌లో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, దాన్ని ప్రాజెక్టులోని నోడ్ మాడ్యూల్స్ మీదికి బైండ్ మౌంట్ చేయండి. ఈ మౌంట్‌ని ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్ అప్పటి మౌంట్ల జాబితా) రాస్తే పనిచేయదు. వీఎం బూట్ అయ్యాక వేగ్రంట్ వచ్చి షేర్డ్ ఫోల్డర్‌ని పైన పరుస్తుంది, అప్పుడు మీ మౌంట్ దాని కింద పడిపోతుంది. అందుకని రన్ ఆల్వేస్ అని పెట్టిన చిన్న ప్రొవిజనర్‌లో రాయండి, ప్రతి అప్‌కీ నడుస్తుంది. ముందే మౌంట్ అయి ఉందా అని మౌంట్‌పాయింట్ కమాండ్‌తో చూసుకోవాలి.

తర్వాత మీరు అడగబోయే ప్రశ్నకి ఇప్పుడే జవాబు: విండోస్‌లో ఫైలు సేవ్ చేస్తే జాంగో రీలోడ్ అవుతుంది, వీట్ అవదు. జాంగో ఫైళ్ల సమయాన్ని సెకనుకోసారి తనే చూసుకుంటుంది. వీట్ మాత్రం కెర్నెల్ కబురు పంపుతుందని కూర్చుంటుంది, షేర్డ్ ఫోల్డర్‌లో విండోస్ వైపు జరిగిన మార్పుకి ఆ కబురు రాదు. వీట్ కాన్ఫిగ్‌లో సర్వర్, వాచ్ కింద యూజ్ పోలింగ్ ట్రూ, ఇంటర్వల్ 500 పెట్టండి. ఇంజిన్‌ఎక్స్‌లో సెండ్‌ఫైల్ ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉంటే సీఎస్ఎస్ మార్చినా పాతదే వస్తుంది, ఒక్కోసారి ఫైలు చివర చెత్త అక్షరాలతో వస్తుంది. క్యాష్ అనుకుని బ్రౌజర్‌ని తిడుతూ ఉంటారు.

నన్నడిగితే షేర్డ్ ఫోల్డరే వద్దు. కోడు వీఎం లోపల, వీఎస్ కోడ్ రిమోట్ ఎస్ఎస్‌హెచ్‌తో విండోస్ నుంచి ఎడిటింగ్. "వేగ్రంట్ ఎస్ఎస్‌హెచ్-కాన్ఫిగ్" ఇచ్చేది కాన్ఫిగ్ ఫైలులో అతికిస్తే చాలు. పైన రాసిన పేరా మొత్తం అవసరముండదు.

గిగాబిట్_గోపి:

డిస్ట్రాయ్ కొడితే పిల్లల కోడు కూడా పోతుంది కదా పంచాయితీ గారూ. రోజూ సాయంత్రం గిట్ పుష్ చేయించగలిగితేనే అది. వీకెండ్ బ్యాచ్‌లతో అది జరిగే పని కాదు, షేర్డ్ ఫోల్డర్, బైండ్ మౌంట్‌తోనే పోనివ్వండి.

ల్యాబ్‌తాళాలు:

అందరికీ థాంక్స్. బెంటో బాక్సు, ల్యాన్ నుంచి పంపకం, బైండ్ మౌంట్, తాబేలు తొలగింపు అన్నీ చేశాం. 24లో 24 లేచాయి, రెండోసారి ప్రొవిజన్ కొట్టినా ఏడవట్లేదు.

ఒక్క వింత మిగిలింది. స్టూడెంట్ రిజిస్టర్ చేసే ప్రాక్టీసు యాప్‌లో పేరు గడి 20 అక్షరాలు. రాము, రవి అని తెలుగులో కొడితే సేవ్ అవుతుంది. లక్ష్మి అని కొడితే "క్యారెక్టర్ వేరియింగ్ 20కి విలువ మరీ పొడవు" అని పోస్ట్‌గ్రెస్ ఎర్రర్. ఫారం మాత్రం అభ్యంతరం చెప్పట్లేదు. స్క్రిప్టు మొదట్లో ఎల్‌సీ ఆల్ సీ అని ఎక్స్‌పోర్ట్ చేశాం, లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్ సెట్టింగు) వార్నింగులు పోవడానికి. దానికీ దీనికీ ఏమైనా సంబంధమా?

షెల్‌పురుగు:

మంచి పేరు దొరికింది మీకు. పీఎస్‌క్యూఎల్‌లోకి వెళ్లి 'తెలుగు' అన్న మాటకి లెంగ్త్ అడగండి. 6 రావాలి (త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము). 18 వస్తే మీ డేటాబేస్ ఎన్‌కోడింగ్ ఎస్‌క్యూఎల్ ఆస్కీ. అది అక్షరాలు కాదు, బైట్లు లెక్కపెడుతుంది, తెలుగులో ప్రతి గుర్తుకీ 3 బైట్లు. రాము 12, రవి 9, గడిలో పడతాయి. లక్ష్మి కంటికి రెండక్షరాలే, కానీ లోపల ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి కలిపి 7 గుర్తులు, 21 బైట్లు. ఒక్క బైటు ఎక్కువైంది. జాంగో ఫారం పైథాన్ లెక్కలో 7 చూసి వదిలేస్తుంది, పోస్ట్‌గ్రెస్ 21 చూసి ఆపుతుంది.

పోస్ట్‌గ్రెస్ క్లస్టర్ (డేటాబేసులన్నీ ఉండే చోటు) తయారయ్యే క్షణంలో లొకేల్ సీ అయితే ఇదే జరుగుతుంది. ఆ ఎల్‌సీ ఆల్ లైను తీసేయండి. ప్యాకేజీలకి ముందే అప్‌డేట్-లొకేల్‌తో లాంగ్‌ని సీ డాట్ యూటీఎఫ్-8 చేయండి. ఇప్పటికే ఉన్న క్లస్టర్‌ని పీజీ_డ్రాప్‌క్లస్టర్‌తో తీసేసి (స్టాప్ ఆప్షన్‌తో, 16 మెయిన్), అదే లొకేల్ ఇచ్చి పీజీ_క్రియేట్‌క్లస్టర్‌తో మళ్లీ కట్టండి. డేటా పోతుంది, ప్రాక్టీసు డేటాయే కాబట్టి ఫర్వాలేదు. క్లస్టర్ వదిలేసి, యూటీఎఫ్-8 అని చెప్పి కొత్త డేటాబేస్ మాత్రం కడదామంటే టెంప్లేట్‌తో పొసగదని ఎర్రర్ వస్తుంది. టెంప్లేట్0 ఇస్తే అవుతుంది గానీ, రేపు పిల్లలు తమంతట తాము కట్టే ప్రతి డేటాబేసూ మళ్లీ ఆస్కీలోనే పుడుతుంది. స్క్రిప్టు చివర ఈ లెంగ్త్ పరీక్ష ఒక లైనుగా పెట్టి, 6 రాకపోతే ఎగ్జిట్ 1 కొట్టించండి.

20 కూడా చాలదు. ఇంటిపేరుతో కలిపి తెలుగులో రాస్తే యూటీఎఫ్-8లోనూ 20 గుర్తులు ఇట్టే దాటతాయి. 100 పెట్టండి.

కూకట్‌పల్లి_కర్సర్:

ఆ యాప్‌లో సర్టిఫికెట్ పీడీఎఫ్ కూడా ఉంటే, బాక్సు మళ్లీ ఎలాగూ కడుతున్నారు కాబట్టి ఫాంట్స్-టెలు ప్యాకేజీ అందులోనే వేసేయండి. సర్వర్ ఉబుంటులో తెలుగు ఫాంటు ఉండదు, పేరున్న చోట డబ్బాలు వస్తాయి. పీడీఎఫ్‌కి వీజీప్రింట్ వాడితే వత్తులు సరిగ్గా కలుస్తాయి, అది పాంగో (అక్షరాలు పేర్చే లైబ్రరీ) మీద నడుస్తుంది.

ల్యాబ్‌తాళాలు:

18 వచ్చింది, నిజమే. క్లస్టర్ మళ్లీ కట్టాక 6. ఫాంటు కలిపి కొత్త తేదీ పేరుతో బాక్సు సర్వర్‌లో పెట్టాను. పాతది 24 సిస్టమ్‌లలోంచీ తీసేయడం మిగిలింది, అది రేపు పొద్దున క్లాసు మొదలయ్యేలోపు.